శూన్యం విన్న చప్పుడు

"వేషం ఏమిటి సార్?" అన్నాడు ఏజెంట్.

చీఫ్ కిటికీ తెర దించి, ఒక ఫోటోను బల్ల మీదుగా తోశాడు. "తమ్ముడు."

"ఎవరికి?"

"మీ అక్కకి."

ఫోటోలో ఉన్నది నిజంగా అతని అక్కే. ముడి ఊడిన జుట్టుతో, ఉక్కు ఛాంబర్ పక్కన నిలబడి, పనిలో ఉండగా ఎవరో పిలిచినట్టు విసుగ్గా చూస్తోంది.

"ఆమె కనిపెట్టిన పూత ఫార్ములాని విదేశీ ముఠా కాజేసింది," అన్నాడు చీఫ్. "అది తెలిసిన తల ఇంకొకటి మిగలకూడదంటున్నారు. ఈ మధ్యాహ్నం ల్యాబ్‌లో ఆమె కొలత తీస్తుండగా చంపేస్తారట. ఎలాగో తెలియదు."

"ల్యాబ్ ఖాళీ చేయిద్దాం."

"చేయిస్తే మనకి కబురు పంపిన మనిషి ప్రాణం పోతుంది. హంస. పత్రికా విలేకరిగా అక్కడే ఉంటుంది."

హంస డబుల్ ఏజెంట్ అని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. పాలు ఎవరికి పోస్తోందో, నీళ్ళు ఎవరికి పోస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు.

దారి పొడవునా ఏజెంట్‌ని ఒకటే బెంగ పట్టుకుంది. సర్వీసులో అతను వంటవాడయ్యాడు, పియానోలు బాగుచేసేవాడయ్యాడు, ఒకసారి పెట్టెలో శవం కూడా అయ్యాడు. ఎక్కడా తడబడలేదు. తమ్ముడు ఎలా నవ్వుతాడో మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ల్యాబ్ లిఫ్టు అద్దంలో రెండు మూడు నవ్వులు వేసి చూసుకున్నాడు. అన్నీ ఎవరివో.

"ఏంట్రా, ఇన్నాళ్ళకి దారి తప్పి వచ్చావు? పెళ్ళి కుదిరిందా, ఉద్యోగం ఊడిందా?" అంది అక్క, తల తిప్పకుండానే.

"ఊరికే, చూసి పోదామని."

"ఊరికే వచ్చే మొహమేనా అది! బూట్లు బయట విప్పు. వాచీ, ఫోను కూడా బయట ట్రేలో పెట్టు. కొలత మొదలయ్యాక దగ్గావంటే గెంటేస్తాను, ఏ చిన్న అదురైనా దాంట్లో పడుతుంది."

గోడ పక్కన స్టూలు మీద హంస కూర్చుని ఉంది. ఆకుపచ్చ సిల్కు చొక్కా, ఒళ్ళో తోలు హ్యాండ్‌బ్యాగ్. ఆమె కాళ్ళకీ చెప్పుల్లేవు. అయినా విందుకి వచ్చినట్టే ఉంది.

"బయట గాలి ఎలా ఉంది?" అందామె. కోడ్.

"లోపల అసలు గాలే లేదట," అన్నాడతను.

"ఎందుకుంటుంది? అది వాక్యూమ్ ఛాంబరు," అని అక్క మధ్యలో కసిరింది.

హంస పెన్ను తీసింది. "మీ వార్మ్‌హోల్‌లో రాకెట్ ఎప్పుడు దూరుతుంది మేడమ్?"

"రాకెట్టా? ముందు చీమ కాలు దూరనివ్వండి. రెండు నక్షత్రాల మధ్య అడ్డదారి ఉండొచ్చని లెక్కలు ఒప్పుకుంటున్నాయి. కానీ ఆ దారి గొంతు తెరుచుకున్నట్టే తెరుచుకుని ముడుచుకుపోతుంది. వెలుగు కూడా దాటేలోపు మూసుకుపోతుంది. పట్టి ఉంచాలంటే నెగటివ్ ఎనర్జీ కావాలి."

"అది దొరుకుతుందా?"

"పిసరంత. శూన్యంలో నా పూత పూసిన రెండు లోహపు పలకల్ని ఆనీ ఆననంత దగ్గరగా పెడితే, వాటి మధ్య శక్తి ఉత్త శూన్యం కంటే తక్కువవుతుంది. పలకలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడే నేను కొలిచేది. ఇక నోళ్ళు మూయండి."

పంపులు ఆగాయి. ఏసీ ఆగింది. స్క్రీన్ మీద ఒక తెల్లని గీత సాగడం మొదలుపెట్టింది.

ఏజెంట్ తలుపు చూశాడు, కిటికీ చూశాడు, హంస చేతులు చూశాడు. ఆ చేతులు కదలలేదు. ఎవరూ రాలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"ఎవర్రా వాచీ విప్పనిది?" అంది అక్క మెల్లగా.

గీత మీద చిన్న ముడులు వస్తున్నాయి. వరసగా, సమానంగా. ఏజెంట్‌కి మొదటి అనుమానం తన గుండె మీదే కలిగింది. ఊపిరి బిగబట్టి చూశాడు. గుండె వేగం పెరిగింది, ముడుల వేగం పెరగలేదు. దానికి భయం లేదు. మనిషిది కాదు.

"స్ప్రింగు గడియారం," అంది అక్క. "ఆ స్టూలు ఉన్న గోడవైపు నుంచి."

అటు ఉన్నది హంస ఒక్కతే. ఏజెంట్ లేచి బ్యాగ్ లాక్కుని ఛాంబర్ వైపు ఒక అడుగు వేశాడు. ముడులు ఎత్తు పెరిగాయి.

"అందులో ఏముంది?"

"మైక్రోఫిల్మ్. అడుగున కుట్టారు. సాయంత్రం ఇంకొకడికి అందించమన్నారు." హంస మొహంలో రంగు దిగిపోయింది. "అంతే చెప్పారు... నాకు అంతే చెప్పారు."

ఆమె ఏ వైపు మనిషో అతనికి ఆ క్షణంలో తెలిసింది. ఏ వైపూ ఆమెను ఉంచుకోలేదు.

బ్లేడుతో అడుగు చీల్చాడు. చిన్న ఇత్తడి గడియారం, దాని వెనక రెండు తీగలు, మైనం రంగు పేలుడు ముద్ద. ఎలక్ట్రానిక్ టైమరైతే గేటు దగ్గరే దొరికిపోతుందని పాతకాలపు యంత్రం పెట్టారు. ముల్లు గుర్తుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"అక్కా, బయటికి పరుగెత్తు!"

"నువ్వు నోరు మూసుకో," అని అక్క అతని చేతిలోంచి బ్యాగ్ మొత్తం లాక్కుని, మూలనున్న, దేన్నైనా గడ్డకట్టించే లిక్విడ్ నైట్రోజన్ డబ్బాలో కుక్కింది. తెల్లని పొగ బుసకొట్టింది.

ముగ్గురూ స్క్రీన్ వైపు తిరిగారు. ముడి. ముడి. కాస్త ఆగి, ఇంకో ముడి. ఏజెంట్ చెయ్యి తనకి తెలియకుండానే వెళ్ళి అక్క కొంగు పట్టుకుంది. ఆ చెయ్యి ఎవరి వేషమూ కాదు.

గీత సాఫీ అయింది. సాఫీగానే సాగింది.

"నువ్వు చేసే ఉద్యోగం ఏమిట్రా?" అంది అక్క, కొంగు విడిపించుకోకుండా.

"తర్వాత చెబుతాను. ముందు ఈవిడను దాచాలి."

హంస స్టూలు మీంచి లేవలేదు. "బ్యాగ్ నిజం తోలు," అంది నీరసంగా, ఎటో చూస్తూ.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "ముఠా గురించి కొత్తగా ఏమైనా తెలిసిందా?"

"తెలిసింది సార్. వాళ్ళ గడియారం నెమ్మదిగా నడుస్తుందట. అది సరిగ్గా నడిచి ఉంటే బ్యాగ్ తెరిచేలోపే అందరం పోయేవాళ్ళమని అక్క గ్రాఫ్ చూసి చెప్పింది. మంచి గడియారాల దుకాణం అడ్రస్ మాత్రం వాళ్ళకి తెలియనివ్వకండి."