టైర్లన్నీ బాగానే ఉన్నాయి

ఫిలెమోని బస్సుకి హారన్ అక్కర్లేదు. పాట చాలు. పై ఊరివాళ్లు ఆ పాట విని చెప్పులేసుకుంటే, బస్సు వచ్చేసరికి రోడ్డు మీదుంటారు.

ఆ సాయంత్రం రేవు నుంచి ఆఖరి ట్రిప్పు. అందర్నీ ఎక్కడివాళ్లనక్కడ దింపేసి, ఖాళీ బస్సులో ఓ విరహగీతం పెట్టుకుని, సాలేఫూ ఊళ్లోకి జోరుగా దూసుకొచ్చాడు. అప్పటికి శంఖం ఊది రెండు నిమిషాలైంది.

శంఖం ఊదాక సాలేఫూలో కోడి కూడా రోడ్డు దాటదు. పొద్దువాలే వేళ ఇంటింటా కుటుంబ ప్రార్థన. మళ్లీ శంఖం మోగేదాకా ఎక్కడివాళ్లక్కడే. దాన్నే 'సా' అంటారు. ద్వీపమంతటా ఉన్నదే గానీ కొన్ని ఊళ్లు చూసీ చూడనట్టు పోతాయి. సాలేఫూ మాత్రం పోదు.

లావాలావాలనే లుంగీలు కట్టుకుని రోడ్డు కాస్తున్న కుర్రాళ్లు నలుగురు బస్సుకి అడ్డం నిలబడ్డారు. ఫిలెమోని బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది, పాట ఆగలేదు. పాటలపెట్టె మీట విరిగిపోయి ఏడాదైంది, పట్టకారుతో తిప్పాలి. ఆ పట్టకారు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఊరంతా నిశ్శబ్దంగా ఉంటే పాటలోవాడు మాత్రం "తిరిగి రావా, తిరిగి రావా" అని కుళ్లి కుళ్లి ఏడుస్తున్నాడు.

పక్కనున్న గోడల్లేని ఇంట్లోంచి ఓ అమ్మాయి గొంతు వినిపించింది. "ఆవిడిక రాదు గానీ, ముందా పాట ఆపండి."

ఆ వెంటనే ముసలి గొంతు. "పాపం, రోడ్డు మీదెందుకు? లోపలికి రమ్మనండి ఆ అబ్బాయిని."

అలా ఫిలెమోని తలొంచుకుని వెళ్లి మొయెలాగి మామ్మగారి చాప మీద మఠం వేసుక్కూర్చున్నాడు. ఎదురుగా పెద్ద మనవరాలు ఫువాటినో, బడిలో టీచరు. పాట ఆపమన్న గొంతు ఆవిడదే. పక్కన ఆరేళ్ల చెల్లెలు లూసీ. కీర్తన పాడారు. చర్చి బృందంలో ఫిలెమోనిది పేరున్న గొంతు, అక్కడిదాకా దర్జాగానే పాడాడు. వాక్యం చదివారు. అప్పుడు మామ్మ, "ఇంటికొచ్చినవాళ్లే ప్రార్థన చెయ్యాలి నాయనా, మా పద్ధతి" అంది.

అతనికి చెమటలు పట్టాయి. పాటలో మాటలు ఎవరో రాసిపెట్టినవి. ప్రార్థనలో సొంత మాటలు కావాలి. అవి వాళ్లింట్లో అమ్మ దగ్గర ఉండేవి. అతనికి పన్నెండేళ్లప్పుడు ఆవిడ పోయింది, అప్పట్నుంచీ తండ్రీ కొడుకులు పాడతారు గానీ నోరు తెరిచి దేవుణ్ని ఏదీ అడగరు. ఎంత వెతుక్కున్నా ఒక్కటే గుర్తొచ్చింది.

"ప్రభువా, మా ముందున్న ఈ భోజనాన్ని ఆశీర్వదించు. ఆమెన్."

లూసీ కళ్లు తెరిచి ఖాళీ చాపని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. "ఏ భోజనం?"

ఫువాటినో నవ్వలేదు. పెదవులు బిగబట్టింది, కళ్లు గట్టిగా మూసుకుంది. అయినా భుజాలు ఊరుకోలేదు. ఆ కదులుతున్న భుజాలు చూస్తూ ఫిలెమోని సిగ్గుపడటం కూడా మర్చిపోయాడు. అతని పని అయిపోయింది.

మర్నాడు కూడా బస్సు 'సా'కి దొరికిపోయింది. ఆ మర్నాడూ అంతే.

ఊరి మొదట్లో సీమపనస చెట్టు దగ్గర ఓ మలుపుంది. మన హీరో అక్కడ బస్సు ఆపి, ఇంజన్ అలాగే ఉంచి (ఆపితే మళ్లీ తోయాలి), శంఖం కోసం చెవులు రిక్కించేవాడు. అది మోగడమే తడవు గేరు వేసి, ఏమీ ఎరగనివాడిలా ఊళ్లోకి వచ్చేవాడు.

"మళ్లీనా?" అనేవాళ్లు కుర్రాళ్లు.

"పంక్చర్ అన్నా, ఏం చెయ్యను."

"నిన్నా పంక్చరేగా?"

"నిన్నటిది ఎడంవైపు."

ప్రార్థనయ్యాక మామ్మ కోకో ఇచ్చేది. అది చల్లారేదాకా ఫువాటినోతో మాటలు. అతను చాలా వేడి కోకో తాగలేనని చెప్పుకున్నాడు.

"నువ్వు ప్రార్థనలో నోరు విప్పవేం? సిగ్గా?" అని ఓ రోజు అడిగింది.

"మాటలు రావు."

"అబద్ధం. కొండెక్కేటప్పుడు బస్సుతో ఎంతసేపు మాట్లాడతావో నేను వినలేదా? 'మా తల్లివి కదూ, ఇంకొక్క గేరు, రేపు శుభ్రంగా కడుగుతాను' అని బతిమాలుతావు. దేవుడితో కూడా అలాగే మాట్లాడు."

"కడుగుతానని చెప్పనా?"

"అక్కర్లేదు. ఆ పని ఆయన చూసుకుంటాడు."

ఆ మర్నాడు ఫిలెమోని క్లచ్ గురించి ప్రార్థించాడు. లూసీకి కుక్కపిల్ల కావాలట, మామ్మకి ఊళ్లోని ప్రతి ఇల్లూ పేరుపేరునా బాగుండాలట, ఫువాటినోకి తన క్లాసులో నత్తి ఉన్న పిల్లాడు ఆదివారం వాక్యం ఆగకుండా చెప్పాలట. వాటి మధ్య క్లచ్ ఏమంత చిన్నగా అనిపించలేదు. తర్వాత రేవు దగ్గర ఎక్కే ముసలాయన మోకాలి నొప్పి గురించి అడిగాడు. ఓ రోజు అమ్మ గురించి మాట్లాడాడు. సగంలో ఆపేశాడు. మామ్మ చెయ్యి చాచి అతని మోకాలి మీద పెట్టి, మిగతా సగం తను పూర్తి చేసింది.

రెండు నెలలయ్యేసరికి ఇదో అలవాటైంది. పగలు ఏది చూసినా, సాయంత్రం దేవుడికి చెప్పాలి అనుకునేవాడు. ఓ రోజు ప్రార్థన ముగిశాక, ఈ పూట ఫువాటినో వైపు ఒక్కసారీ చూడలేదని గుర్తొచ్చి తనే ఆశ్చర్యపోయాడు. వెంటనే చూశాడనుకోండి.

ఆ వారం చర్చిలో మామ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "మా ఇంటికి రోజూ ఓ అబ్బాయిని దేవుడే పంక్చర్ చేసి పంపుతున్నాడు. ఆయనకి స్తోత్రం." సంఘమంతా ఆమెన్ అంది. ఆ మాట ఈ నోటా ఆ నోటా పక్క ఊళ్లో ఉన్న ఫిలెమోని చెవిన పడింది. అతనికి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

సోమవారం ఫువాటినో సుద్దముక్కల పెట్టెలు కొనుక్కుని రేవు దగ్గర అతని బస్సే ఎక్కింది. చివరికి ఆవిడొక్కతే మిగిలింది. గాల్లో తేలిపోతూ నడుపుతున్నాడు ఫిలెమోని. సీమపనస చెట్టు వచ్చింది. రెండు నెలల అలవాటు, కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్లింది.

బస్సు ఆగింది.

"ఎందుకాపావు?"

అతను ఎదుటి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"పంక్చరా?"

ఆవిడ దిగి, బస్సు చుట్టూ తిరిగి, ఒక్కో టైరునీ కాలితో తన్ని చూసింది.

"టైర్లన్నీ బాగానే ఉన్నాయి."

"ఫువా, అది..."

"మా మామ్మ చర్చిలో నిలబడి దేవుడు పంపాడంది. ఇక్కడ ఆగి ఆగి నువ్వే వచ్చావన్నమాట. నన్ను చూడ్డానికొస్తే చూడ్డానికొచ్చానని చెప్పు. దేవుణ్ని అడ్డం పెట్టుకుంటావా?" ఆవిడకి కోపం ఇంత ఉంటుందని అతను అనుకోలేదు, పైగా కళ్లలో నీళ్లెందుకో అర్థం కాలేదు. "ఇక మా ఇంటికి రాకు."

సుద్దముక్కల పెట్టెలు ఎత్తుకుని గబగబా నడిచి వెళ్లిపోయింది.

ఫిలెమోని ఇంజన్ ఆపేశాడు. శంఖం ఊది, ప్రార్థనయ్యి, మళ్లీ శంఖం ఊదాక, ఎవరి కంటా పడకుండా పోవాలని అతని ఆలోచన. స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా చాప లేదు, మామ్మ లేదు, ఎవరూ చెయ్యమనలేదు. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"తండ్రీ, వంక పెట్టి వచ్చాను. తప్పే. కానీ వచ్చాక నిజంగానే నీతో మాట్లాడాను, అది నీకు తెలుసు. ఇప్పుడు ఆ అమ్మాయికి నిజం చెప్పాలి. చెబితే తర్వాత ఏమవుతుందో నా చేతిలో లేదు. నీకే వదిలేస్తున్నా."

గుండె కొంచెం తేలికైంది. శంఖం కోసం చూశాడు. మోగలేదు. సూర్యుడు సముద్రంలో సగం మునిగాడు. ఇంకా మోగలేదు. పెద్ద గబ్బిలాలు కొండ మీంచి బయల్దేరాయి. ఊళ్లో చప్పుడే లేదు.

చివరికి రోడ్డు మీద ఎవరో వస్తూ కనిపించారు. ఊరి శంఖం ఊదే అసాఫో తాత, చంకలో శంఖంతో, ముఖం ముటముటలాడించుకుంటూ.

"ఏరా, బస్సు చచ్చిందా? చప్పుడు లేదేం?"

"ఆపేశాను తాతా."

"నువ్వాపేస్తే నేనెలా ఊదను? రెండు నెలల్నుంచీ ఈ మలుపులో నీ ఇంజన్ చప్పుడు వినపడ్డాకే కదా శంఖం తీస్తున్నాను."

ఫిలెమోని సీట్లోంచి లేచాడు. "మీకు... తెలుసా?"

"ఊరంతా తెలుసు. ఇది బస్సురా, పిల్లి కాదు. నీ కథ తెలియంది ఆ పిల్లకొక్కదానికే, ఆ వేళప్పుడు వెనక పొయ్యిల దగ్గర కొబ్బరి కోరుతుంటుంది. మొదటి వారమే మొయెలాగి వచ్చి చెప్పింది, ఎన్నేళ్లకో నోరు తెరుస్తున్నాడు, నాలుగు నిమిషాలు ఆలస్యమైతే దేవుడికేం ఓడ తప్పిపోదు అని."

"మరి చర్చిలో దేవుడే పంపాడందిగా?"

"పంపలేదా మరి? నీ అంతట నువ్వు రోజూ ప్రార్థనకి వచ్చే మొహమేనా అది?" తాత భుజం మీద ఒక్కటి చరిచాడు. "నడు. ఊరంతా ఆకలి మీదుంది."

ఇద్దరూ నడిచారు. రోడ్డుకి రెండు వైపులా చాపల మీద సిద్ధంగా కూర్చున్న కుటుంబాలు అతన్నే చూస్తున్నాయి. కుర్రాళ్లు దారిచ్చారు.

"ఇవాళ ఎటువైపు పంక్చర్?"

"ఏ వైపూ లేదు అన్నా. నడిచే వచ్చాను."

మామ్మ ఇంట్లో ఫువాటినో తల ఎత్తలేదు. శంఖం మోగింది. 'సా'లో ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. ఫిలెమోనికి కావలసింది అదే. కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, రెండు నెలలుగా పంక్చర్ అని అబద్ధం చెప్పాను. మామ్మా, తాతా, ఈ ఊరూ నన్ను క్షమించాలి. మొదట ఫువాటినో కోసం వచ్చాను. తర్వాత నీ కోసం కూడా వచ్చాను. ఎప్పుడు మారిందో నాకు తెలియదు. రావద్దంటే ఇక రాను, మా నాన్నతో కలిసి మా ఇంట్లోనే నోరు తెరుస్తాను. కానీ నాకు ఆ అమ్మాయంటే ప్రాణం. వీలైతే నా పక్కన తనూ, తన పక్కన నేనూ, రోజూ ఇలాగే కూర్చోవాలని ఉంది. ఆమెన్."

"పెళ్లా?" అంది లూసీ గుసగుసగా.

"కళ్లు మూసుకో" అంది మామ్మ. "ఫువాటినో, నీ వంతు."

ఫువాటినో చాప మీద సర్దుకుని కూర్చుంది.

"ప్రభువా, అబద్ధాలంటే నాకు పడదని నీకు తెలుసు. నేను దాచింది కూడా నీకు తెలుసు. రెండు నెలల్నుంచీ కొబ్బరి కోరుతూ రోజూ నిన్ను ఒకటే అడిగాను. ఆ బస్సుకి పంక్చర్ కావాలని."

మామ్మ దగ్గింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"రోజూ వింటున్నావని మురిసిపోయాను. టైర్లు పాపం అనుకున్నాను కూడా. ఇవాళ చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటీ వినలేదనుకుని ఏడ్చాను. రావద్దన్నాను. అని ఇంటికొచ్చి, అదే కొబ్బరి ముందు కూర్చుని, ఏ వంకా లేకుండా అతను రావాలని అడిగాను." గొంతులోకి నవ్వు వచ్చేసింది. "వచ్చాడు. అది చాలు, టైర్ల సంగతి వదిలేస్తున్నా. అతను అడిగినదానికి నాకు ఇష్టమే. ఆమెన్."

"ప్రభువా," అని మామ్మ వెంటనే అందుకుంది, "ఆదివారం వాళ్ల నాన్నని తీసుకుని భోజనానికి రమ్మని నువ్వే చెప్పు. నేను పిలిస్తే తొందరపడ్డానంటారు. ఇద్దర్నీ దీవించు. ఆమెన్."

శంఖం మోగింది. ఊరు ఊపిరి పీల్చుకుని ముద్దకి కూర్చుంది. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి వండినది, వేడి సీమపనస ముక్కలూ తెచ్చి ఫువాటినో చాప మీద పెట్టింది. తెచ్చినావిడ ఎదురుగా కాక అతని పక్కనే కూర్చుంది.

లూసీ ఫిలెమోనిని మోచేత్తో పొడిచింది.

"ఇప్పుడు చెప్పు ఆ ప్రార్థన. భోజనం వచ్చింది."

"ప్రభువా, మా ముందున్న ఈ భోజనాన్ని..." అని మొదలుపెట్టాడు ఫిలెమోని. పక్కన భుజాలు మళ్లీ కదలడం మొదలైంది. ఈసారి అతనివి కూడా. మిగతాది ఎవరూ చెప్పలేకపోయారు. ఆమెన్ మాత్రం ఇద్దరూ ఒకేసారి అన్నారు.