డిన్నర్ ఎన్నింటికి?

"నా కారుకేమైనా అయిందంటారా?"

కౌంటర్ వెనక వేరుశనగకాయలు ఉడుకుతున్న గిన్నెలో గరిటె తిప్పుతున్న డెస్సా తలెత్తి చూసింది. కొట్టు గుమ్మంలో ఒక పొడుగాటి అబ్బాయి నిలబడి ఉన్నాడు. చొక్కా నలగలేదు గానీ మొహం మాత్రం బాగా నలిగిపోయి ఉంది.

"ఏం, చప్పుడొస్తోందా?"

"లేదండీ. ఎదురొచ్చిన ప్రతి కారువాడూ స్టీరింగు మీంచి వేలెత్తి చూపిస్తున్నాడు. టైరు పోయిందేమోనని దిగి దిగి చూసుకుంటున్నాను."

డెస్సా నవ్వు ఆపుకుంది. "ఎత్తింది ఏ వేలు?"

"చూపుడువేలు."

"అయితే భయం లేదు. మీకు హలో చెబుతున్నారు."

"నేనెవరో వాళ్ళకి తెలీదుగా."

"అందుకే వేలుతో సరిపెట్టారు. తెలిసినవాళ్ళయితే రోడ్డు మధ్యలో కారాపి మీ అమ్మగారి ఆరోగ్యం కూడా అడిగేవాళ్ళు."

"మరి నేనేం చెయ్యాలి?"

"మీరూ వేలెత్తాలి. ఇప్పటిదాకా ఎత్తలేదు కాబట్టి, మెరిట్ కౌంటీ పడమటి వైపంతా ఈపాటికి మీకు బాగా పొగరని తేల్చేసి ఉంటారు."

ఆ అబ్బాయి పేరు నోలన్ ఫిచ్. షికాగో నుంచి అలబామాలోని ఈ మూలకి వచ్చాడు. చేసేది కంప్యూటర్ పని, ఎక్కడ కూర్చున్నా చెయ్యొచ్చు. అక్కడ ఒక్క గదికి కట్టే అద్దెతో ఇక్కడ చర్చి దాటాక ఉన్న తెల్ల ఇల్లు మొత్తం వచ్చింది. దానితో పాటు వరండా, గింజలు తినే రెండు పికాన్ చెట్లు, ఎవరిదో తెలియని ఒక పిల్లి కూడా వచ్చాయి. ఆ ఇల్లు డెస్సా వాళ్ళ మామ్మది. సెప్టెంబరు ఆఖరు దాకా ఉండి చూడమంది మామ్మ. అతనికి ఊరు నచ్చితే, తనకి అతను నచ్చితే, ఏడాదికి ఇస్తానంది.

ఇల్లు చవకే. మిగతావన్నీ దూరం. డాక్టరు దగ్గరికి వెళ్ళి రావడానికి ఒక పూట పడుతుంది. పెద్ద కొట్టు పక్క కౌంటీలో ఉంది. తెల్ల ఇంట్లో ఇంటర్నెట్ తనకి ఇష్టమైనప్పుడు వస్తుంది. ఎండ ఉన్న రోజుల్లో నోలన్ లైబ్రరీ ఇంటర్నెట్ కోసం దాని ముందు కారులో కూర్చుని పనిచేసుకునేవాడు. వాన పడితే డెస్సా వాళ్ళ కొట్టుకి వచ్చేవాడు. చేపల ఎరలు పెట్టే ఫ్రిజ్ పక్కన ఒక కుర్చీ ఉంది. అదే అతని ఆఫీసు.

ఆ సెప్టెంబరులో వానలు బాగా పడ్డాయి. డెస్సా దేవుణ్ణి అడిగే పడ్డాయని చెప్పలేం గానీ, వద్దని మాత్రం ఆమె ఒక్కసారీ అడగలేదు.

"ఈ వేరుశనగకాయలు కొంచెం పీచు పీచుగా ఉన్నాయండీ," అన్నాడు మొదటి వానరోజున.

డెస్సా అతని చేతిలోని పొట్లం చూసింది. పక్కన ఒక్క తొక్క కూడా లేదు.

"తొక్కతో సహా తిన్నారా?"

"ఉడకబెట్టారుగా. మొత్తం తినేదే అనుకున్నాను."

"షికాగోలో కోడిగుడ్డు కూడా అలాగే తింటారా?"

ఇంకో రోజు ఒక గుడ్డసంచి పట్టుకుని వచ్చాడు. "ఎవరో నా మెట్ల మీద బెండకాయలు మర్చిపోయారు. ఎవరివో కనుక్కుంటారా?"

"మర్చిపోలేదు. మీకే ఇచ్చారు."

"ఎవరు?"

"అది మీరే కనుక్కోవాలి. సంచి ఉతికి తిరిగివ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు."

"నా దగ్గర పండేదేముంది?"

"పికాన్లు రాలడం మొదలవుతుందిగా. అప్పటిదాకా ఆ పిల్లిని పెట్టి ఇవ్వండి."

కౌంటర్ వెనక ఉన్నంతసేపూ డెస్సాకి ఇలాంటి మాటలు వాటంతటవే వచ్చేవి. కౌంటర్ దాటి ఇవతలికి వస్తే మాత్రం, ఆ మాటలన్నీ వెనకే ఉండిపోయేవి. ఒకసారి ఫ్రిజ్‌లో పాలసీసాలు సర్దడానికి అతని పక్కకి వెళ్ళాల్సి వచ్చింది. అతను లాప్‌టాప్ మీంచి కళ్ళెత్తి చూశాడు. బయట రేకు మీద వాన గోల గోలగా పడుతోంది. డెస్సా పాలసీసాలన్నీ ఎరల అరలో సర్దేసి వచ్చింది. ఆ తర్వాత నాన్న వెండెల్ వాటిని తీసి సరైన అరలో పెట్టాడు గానీ, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది ఆమెకి.

నెలాఖరు దగ్గర పడింది. ఒక రాత్రి భోజనాల దగ్గర మామ్మ చల్లగా చెప్పింది.

"అట్లాంటా నుంచి వేటగాళ్ళు ఫోన్ చేశారు. జింకల సీజనుకి తెల్ల ఇల్లు కావాలట. ఎక్కువిస్తామంటున్నారు."

డెస్సా చెంచా ఆగిపోయింది. "మరి నోలన్?"

"ఇంకో ఇల్లు చూసుకుంటాడు."

ఇంకో ఇల్లు లేదని ఆ బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. కౌంటీలో ఖాళీ ఇళ్ళకి కొదవలేదు. కానీ ఒక్కో ఇంటికి వారసులు డెట్రాయిట్‌లో ఒకరు, క్లీవ్‌లాండ్‌లో ఇద్దరు, ఎక్కడున్నారో తెలియనివాళ్ళు ఇంకొందరు. అద్దెకివ్వాలంటే అందరూ ఒప్పుకోవాలి. అందుకే ఆ ఇళ్ళని ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు. తెల్ల ఇల్లు పోతే నోలన్ షికాగో వెళ్ళిపోవాల్సిందే.

"అబ్బాయి ఎలాంటివాడో నాకింకా తెలీలేదు," అంది మామ్మ. "ఆదివారం డిన్నర్‌కి రమ్మను. మనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టి చూడాలి. సోమవారం వేటగాళ్ళకి ఏదో ఒకటి చెప్పేస్తాను."

మర్నాడు డెస్సా కౌంటర్ వెనక గట్టిగా నిలబడి చెప్పింది. "ఆదివారం మా మామ్మ మిమ్మల్ని డిన్నర్‌కి రమ్మంది. ఇల్లు ఏడాదికి ఇవ్వాలో వద్దో అప్పుడే తేలుస్తుంది."

నోలన్ లాప్‌టాప్ మూసేశాడు. "ఏం తేవాలి?"

"ఆకలి తెచ్చుకోండి. అది చాలు."

"ఆవిణ్ణి ఏమని పిలవాలి? మిసెస్ ప్రూయిట్ అనా?"

"మిస్ ఆర్డెల్లా."

"పెళ్ళయిందిగా ఆవిడకి."

"పెళ్ళయింది, ఆరుగురు పిల్లల్ని కంది, మా తాతని సాగనంపింది. అయినా మిస్ ఆర్డెల్లాయే. మాట చివర మర్యాదకి మేమ్ అని తగిలించడం మర్చిపోకండి."

"ఎస్ మేమ్," అన్నాడు నోలన్.

"నాక్కాదు," అంది డెస్సా. గిన్నెలో గరిటె అవసరానికి మించి తిప్పింది.

ఆదివారం చర్చి అయ్యాక పన్నెండున్నరకి డిన్నర్. ఆ ఇంట్లో అది ఎన్నడూ మారలేదు. మామ్మ తెల్లవారకముందే లేచి కోడి వేయించింది. బొబ్బర్లు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపలు బల్ల మీదకి వచ్చాయి. డెస్సా నీలం గౌను వేసుకుంది. ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. చర్చి నుంచి వస్తూ చూసినప్పుడే తెల్ల ఇంటి ముందు కారు లేదు. డెస్సా వంటింట్లోకి వెళ్ళి రహస్యంగా ఫోన్ చేసింది. అందుబాటులో లేడని వచ్చింది.

"పిలిచిన మనిషిని మళ్ళీ పిలవడం మా అమ్మ నాకు నేర్పలేదు," అంది మామ్మ బల్ల దగ్గర్నుంచే. "వెండెల్, ప్రార్థన చెయ్యి. కోడి చల్లారిపోతోంది."

వెండెల్ ప్రార్థన చాలా చిన్నగా ముగించాడు. ఖాళీ కుర్చీని మామ్మే లేచి గోడకి జరిపింది.

"వేటగాళ్ళు కనీసం చెప్పిన టైముకి వస్తారు," అంది.

డెస్సాకి కోపం వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది. ఇల్లు పోతుందని తెలిసి కూడా రాలేదంటే, అతనికి ఇక్కడ ఉండాలని లేదన్నమాట. తనకి చెప్పడం ఇష్టంలేక, కారేసుకుని ఎటో తిరగడానికి వెళ్ళిపోయాడు. ఆమె నీలం గౌను విప్పేసి నాన్న పాత చొక్కా తొడుక్కుంది. జుట్టుకి గుడ్డ చుట్టుకుని వరండా మెట్ల మీద కూర్చుని బొబ్బరికాయలు ఒలవడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఆరు కొడుతుండగా కారు వచ్చి ఆగింది.

నోలన్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడకి టై, రెండు చేతుల్లో పెద్ద కేకు డబ్బా. మెట్ల దాకా వచ్చి, డెస్సా తలకి చుట్టుకున్న గుడ్డని చూసి ఆగిపోయాడు.

"నేను తొందరగా వచ్చేశానా?"

డెస్సా ఒక కాయ ఒలిచింది. ఇంకోటి ఒలిచింది. "డిన్నర్ అయిపోయింది."

"అప్పుడేనా? ఆరేగా అయింది."

"ఆరింటికి డిన్నరేంటి? ఆరింటికి సప్పర్."

నోలన్ చేతుల్లో కేకు డబ్బా కొద్దిగా కిందికి దిగింది. "మరి డిన్నర్?"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నం తినేది లంచ్ కదండీ."

"లంచ్ అంటే స్కూలు పిల్లలు డబ్బాలో పట్టుకెళ్ళేది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నోలన్ మొహంలో రంగులు ఒక్కొక్కటిగా మారుతూ పోయాయి. "అంటే మీరందరూ మధ్యాహ్నం..."

"పన్నెండున్నర నుంచి."

"నా కోసం."

"మీ కోసం కాదు, కోడి కోసం," అంది డెస్సా. కానీ గొంతు ఆమె మాట వినలేదు.

"నేను పొద్దున్నే కేకు కోసం పక్క కౌంటీకి వెళ్ళాను. దారిలో సిగ్నల్ లేదు. వచ్చి చొక్కా ఇస్త్రీ చేసుకుని గంట నుంచీ కుర్చీలో కదలకుండా కూర్చున్నాను, నలిగిపోతుందని."

వెనక దోమతెర తలుపు అవతల నుంచి మామ్మ గొంతు వినిపించింది. ఎంతసేపట్నుంచి అక్కడుందో తెలీదు.

"షికాగోలో మధ్యాహ్నం భోజనం చెయ్యరా అబ్బాయ్?"

"చేస్తాం మిస్ ఆర్డెల్లా. పేరే వేరు మేమ్."

"పొద్దుట్నుంచి ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు మేమ్. ఆకలితో రమ్మన్నారు."

తలుపు తెరుచుకుంది. "డెస్సా, ఆ కాయలు పక్కన పెట్టు. ఆకలితో ఉన్న మనిషిని మెట్ల మీద నిలబెట్టి పాఠాలు చెబుతున్నావేం?"

వంటింట్లో చల్లారిన కోడి, బొబ్బర్లు బయటికి వచ్చాయి. మొక్కజొన్న రొట్టె చిదిమి గ్లాసులో వేసి, మజ్జిగ పోసి ఇచ్చింది మామ్మ. నోలన్ అది చూసి ఏమీ అడగకుండా చెంచా తీసుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా మామ్మ అతన్నే చూస్తూ కూర్చుంది.

"చవకని వచ్చావు ఇక్కడికి. అవునా?"

"అవును మేమ్."

"ఇంకా చవగ్గానే ఉందా?"

నోలన్ ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషయితే వెంటనే చెప్పేవాడు. "లేదు మేమ్. అద్దెలో మిగిలింది పెట్రోలు తాగేస్తోంది. రెండు టైర్లు మార్చాను. పన్ను నొప్పెడితే పని మానుకుని వెళ్ళాలి. షికాగోకీ ఇక్కడికీ పెద్ద తేడా లేదు."

గిన్నెలు కడుగుతున్న డెస్సా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"ఇంకేం, వెళ్ళిపో మరి," అంది మామ్మ.

"వెళ్ళొచ్చు మేమ్. కానీ ఇక్కడ వానొస్తే మీ కొట్లో కూర్చుంటాను. షికాగోలో వానొస్తే కూర్చోడానికి నాకలాంటి చోటు లేదు."

"నువ్వు మాట్లాడుతోంది కొట్టు గురించా?"

"కాదు మేమ్. కొట్టు గురించి కాదు."

పక్కగదిలో కునికిపాట్లు పడుతున్న వెండెల్ గురక ఉన్నట్టుండి ఆగింది. మామ్మ లేచి, గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పింది.

"నేను ఆర్డెల్లా ప్రూయిట్‌ని. సోమవారం దాకా ఎందుకని ఇప్పుడే చెబుతున్నాను. ఇల్లు ఖాళీ లేదు. ఎంతిచ్చినా అంతే బాబూ, ఇంట్లో మనిషున్నాడు." ఫోన్ పెట్టేసి నోలన్ వైపు తిరిగింది. "ఇల్లు నాది, ఇచ్చాను. మనవరాలి సంగతి నాది కాదు. దానికి నోరుంది, అదే మాట్లాడుకుంటుంది." అని, కేకులోంచి పెద్ద ముక్క ఒకటి కోసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

డెస్సా చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. మధ్యలో కౌంటర్ లేదు, నోటికి ఏ మాటా రావడం లేదు. ఇద్దరూ వరండాలోకి వచ్చి నిలబడ్డారు. ఎక్కడో దూరంగా వాన మొదలైనట్టు గాలి తడిగా వీస్తోంది.

"వచ్చే ఆదివారం మళ్ళీ పిలుస్తారా?" అన్నాడు నోలన్. "ఈసారి గంటా నిమిషం చెప్పండి, రాసుకుంటాను."

"రాసుకోనక్కర్లేదు. చర్చికి వచ్చెయ్. అక్కణ్ణుంచి అందరం కలిసే వద్దాం."

వచ్చెయ్ అని తన నోటినుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీలేదు. నోలన్‌కి మాత్రం బాగా వినపడింది. "చర్చిలో ఎక్కడ కూర్చోను? వెనకా?"

"మా బెంచీలో." చొక్కా చేతులు మడుచుకుంటూ, "నా పక్కన," అంది. "కానీ ముందే చెబుతున్నా. అక్కడ కూర్చున్నావంటే ఇక కౌంటీ అంతా మనిద్దరి గురించి ఒకటి అనుకుంటుంది."

"ఏమనుకుంటుంది?"

డెస్సా మెట్ల వైపు చూస్తూ చాలా చిన్న గొంతుతో చెప్పింది. నోలన్ వినడానికి బాగా వంగాల్సి వచ్చింది. విన్నాక వెంటనే తలెత్తలేదు, అలాగే వంగి ఉన్నాడు.

"వాళ్ళనుకునేది నిజమే," అన్నాడు.