అమ్మ సైకిల్‌కి సీటెంత ఎత్తు

"కాళ్లు నేలకి అందట్లేదు," అంది అమ్మ.

"అందకూడదు," అంది ఉడుత. "సీటు నడుము ఎత్తులో ఉండాలి. మా పీటీ సార్ చెప్పారు."

ఆదివారం సాయంత్రం నాలుగు దాటింది. అపార్ట్‌మెంట్ వెనకాల కార్లు పెట్టుకునే ఖాళీ జాగాలో తల్లీకూతుళ్లిద్దరే ఉన్నారు. అమ్మ నీలం రంగు సైకిల్ మీద ఒక పక్కకి ఒరిగి, కాలి బొటనవేలితో నేలను తడుముకుంటోంది. పదేళ్ల ఉడుత మెడలో విజిల్ వేసుకుని, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

ఒక్కచోట కుదురుగా ఉండదు కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని ఉడుత అంటారు. స్కూల్లో మాత్రం అది సైకిల్ క్లబ్ లీడరు. కిందటి నెల పోటీల్లో ఫస్టు వచ్చింది. అప్పటినుంచి సైకిళ్ల గురించి ఎవరైనా నోరు తెరిస్తే చాలు, మధ్యలో దూరిపోతుంది.

అమ్మ నర్సు. క్లినిక్‌కి రాలేనివాళ్ల ఇళ్లకి వెళ్లి కట్లు మారుస్తుంది, బీపీ చూస్తుంది. ఇన్నాళ్లూ క్లినిక్ వ్యాన్‌లో వెళ్లేది. రేపు కాక పై సోమవారం నుంచి ఆ వ్యాన్ ఊరికి రెండో వైపు తిరుగుతుంది. కాలవ అవతలి ఇళ్లకి ఎవరు వెళ్తారని పెద్ద నర్సు అడిగితే, "నేను వెళ్తాను, నాకు సైకిల్ వచ్చు," అని అమ్మ చెయ్యెత్తేసింది. వచ్చన్న మాట నిజమే. కాకపోతే ఆవిడ ఆఖరుసారి సైకిలెక్కి ఇరవై నాలుగేళ్లయింది.

"కొంచెం దించవే. కొత్తలో కాలు ఆనితే బావుంటుంది," అంది అమ్మ మళ్లీ.

"అలా చిన్నపిల్లలు తొక్కుతారమ్మా. నువ్వు తొక్కు, నేను చెప్తాగా."

అమ్మ పెడల్ మీద కాలు వేసింది. సైకిల్ అటూ ఇటూ ఊగి, చివరికి ముందుకి కదిలింది. ఉడుత వెనకాలే పరుగెత్తింది.

"కిందకి చూడకు. భుజాలు వదులు. హ్యాండిల్ అంత గట్టిగా పట్టుకోకు. వేగంగా తొక్కు. ఇంకా వేగంగా. మలుపు వస్తోంది, మలుపు."

ప్రతి మాటకీ ఒక విజిల్. అమ్మ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక పిల్లి నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది. ఉడుత విజిల్ గట్టిగా ఊదింది. అమ్మ బ్రేక్ పట్టేసింది. కాలు కిందకి చాపింది. నేల అందలేదు. సైకిల్‌తో సహా బస్తా పడ్డట్టు పక్కకి పడిపోయింది.

పిల్లి ఒకసారి చూసి, తన దారిన తను పోయింది.

అమ్మ లేచి కూర్చుని అరచెయ్యి చూసుకుంది. చర్మం గీరుకుపోయి ఎర్రగా అయింది. బ్రేక్ పిడి లోపలికి వంగిపోయింది.

"ముందే బ్రేక్ వేయాల్సింది," అంది ఉడుత. కానీ ఈసారి దాని గొంతు చిన్నగా వచ్చింది.

"ఇవాళ్టికి చాలు," అంది అమ్మ.

*

ఇంటికొచ్చాక అమ్మ తన చెయ్యి తనే కడుక్కుని, మందు రాసుకుని, పంటితో గుడ్డ చివర పట్టి కట్టు బిగించుకుంది. ఆ తర్వాత పెద్ద నర్సుకి ఫోన్ చేసింది. ఉడుత హోంవర్క్ పుస్తకం ముందేసుకుని చెవులు అటే పెట్టింది.

"బుధవారం దాకా చూస్తానండి," అంటోంది అమ్మ. "నా వల్ల కాకపోతే ఆ ఇళ్లు ఇంకెవరికైనా ఇవ్వండి. పాటల టీచరుగారి ఒక్క కాలే నా బెంగ. ఎనిమిది నెలలబట్టి నేనే కట్టు కడుతున్నాను. ఇక వేలి గోరంత పుండు మిగిలింది. అది మానేదాకా నేనే చూడాలనుకున్నాను."

ఉడుతకి లెక్కల పుస్తకంలో అంకెలు కనపడటం మానేశాయి. మెల్లగా లేచి బాల్కనీలోకి వెళ్లింది. అక్కడ నాన్న ఆరిన బట్టలు తీస్తున్నాడు. నాన్న బేకరీలో పని చేస్తాడు. తెల్లారకముందే వెళ్లిపోయి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తాడు.

"అమ్మ నా మాట వినట్లేదు నాన్నా," అంది ఉడుత.

"వినకేం. నేనే ఇక్కడినుంచి విన్నాను," అన్నాడు నాన్న. "నలభై ఒక్క విజిళ్లు. ఊసుపోక లెక్కపెట్టాన్లే."

"తప్పు చేస్తే చెప్పద్దా మరి?"

"చెప్పాలి. మా బేకరీలో కొత్తవాళ్లకి నేనూ చెప్తాను. కానీ చేతిలో వేడి ట్రే ఉన్నప్పుడు చెప్పను. ట్రే కింద పెట్టాక చెప్తాను." నాన్న ఒక చొక్కా మడతపెట్టి దాని చేతికిచ్చాడు. "నాకసలు సైకిలే రాదు. నీ దగ్గర నేర్చుకుందామనుకున్నా. ఇప్పుడు కాస్త భయమేస్తోంది."

నాన్న నవ్వుతూనే అన్నాడు. ఉడుతకి మాత్రం నవ్వు రాలేదు.

*

మర్నాడు స్కూలు అవ్వగానే ఉడుత నీలం సైకిల్‌ని నడిపించుకుంటూ వీధి చివర సైకిల్ షాపుకి తీసుకెళ్లింది. షాపు బాబాయ్ వంగిన బ్రేక్ పిడిని రెండు నిమిషాల్లో సరిచేశాడు. చక్రం తిప్పి చూశాడు. గొలుసుకి నూనె వేశాడు. తర్వాత సీటు మీద చెయ్యి పెట్టి, సైకిల్‌ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇదెవరు తొక్కేది?"

"మా అమ్మ. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది."

"ఇంత ఎత్తు పెట్టమందా?"

"లేదు. నేనే పెట్టాను. ఇదే కరెక్ట్ ఎత్తు బాబాయ్. నడుము దగ్గరికి రావాలి కదా."

"బాగా తొక్కేవాళ్లకి కరెక్టే," అన్నాడు అతను. "మరి మీ అమ్మకి ఎంత కావాలంట?"

ఉడుత సీటు వైపు చూసింది. అమ్మ చెప్పింది. రెండుసార్లు చెప్పింది. అయినా అది వినలేదు.

షాపు బాబాయ్ పానాతో సీటు కింద బోల్టు వదులు చేసి, అలాగే వదిలేశాడు. "ఇంటికెళ్లి, అడిగి, నువ్వే బిగించు. పానా ఉందా ఇంట్లో?"

"ఉంది."

దారంతా సీటు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతూ వచ్చింది. దాన్ని సర్దుకుంటూ నడుస్తుంటే ఉడుతకి ఆరేళ్ల వయసులో తను సైకిల్ నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడూ వెనకాల అమ్మే పరుగెత్తేది. ఏం చెప్పేది? ఎంత ఆలోచించినా ఒక్క మాటా గుర్తు రాలేదు. వెనకనుంచి టపటపమని చెప్పుల చప్పుడు మాత్రం వినిపించేది. ఆ చప్పుడు వినపడుతున్నంతసేపూ దానికి భయమేసేది కాదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"అమ్మా, కిందకి రావా ఒకసారి? నీకు సీటు ఎంత ఎత్తు కావాలో చెప్పు, అంతే పెడతాను."

అమ్మ దాని మొహంలోకి చూసింది. తువ్వాలు ఆరేసి వచ్చింది.

సీటు కిందకి, ఇంకా కిందకి దిగింది. అమ్మ కూర్చుని రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించింది. "ఆ, ఇక్కడ."

మోకాళ్లు గడ్డానికి తగిలేట్టున్నాయని ఉడుత అనబోయింది. అనలేదు. బోల్టు బిగించింది.

"నిన్న నువ్వు చెప్పావు. నేను వినలేదు. సారీ అమ్మా," అంది పానా వైపు చూస్తూ.

"బ్యాలెన్స్ నేనేం మర్చిపోలేదే," అంది అమ్మ. "మా చెల్లిని వెనక ఎక్కించుకుని రోజూ స్కూలుకి తీసుకెళ్లేదాన్ని. ఇప్పుడు కొత్తగా వచ్చింది భయం ఒక్కటే. కాలు ఆనితే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగచ్చు కదా. ఆగగలనని తెలిస్తే కదలడానికి ధైర్యం వస్తుంది."

"మరి నేనేం చెయ్యాలి?"

"వెనకాల ఉండు. నేనడిగితే చెప్పు."

ఉడుత విజిల్ తీసి జేబులో వేసుకుంది. అమ్మ తొక్కింది. ఉడుత పరుగెత్తింది. సైకిల్ ఊగినప్పుడల్లా దాని గొంతులో మాటలు తోసుకుంటూ వచ్చాయి. పెదాలు గట్టిగా మూసుకుంది. మలుపు దగ్గర అమ్మ నెమ్మదించి, ఒక కాలు ఆనించి ఆగింది. మళ్లీ బయల్దేరింది. నాలుగు చుట్లయ్యాక ఊగడం తగ్గింది. ఏడో చుట్టులో అమ్మ భుజాలు వాటంతట అవే వదులయ్యాయి.

పదో చుట్టులో ఉడుత ఆయాసంతో నేల మీద కూలబడింది. అమ్మ మాత్రం ఆగకుండా దాని చుట్టూ ఇంకో రెండు తిరిగింది.

మంగళవారం అమ్మే వచ్చి, "ఒక వేలు మందం పైకెత్తు," అంది. బుధవారం ఇంకో రెండు వేళ్లు ఎత్తమంది. ఆ సాయంత్రమే పెద్ద నర్సుకి ఫోన్ చేసి, "ఆ ఇళ్లు ఎవరికీ ఇవ్వకండి. నేను వెళ్తున్నాను," అని చెప్పింది.

*

శనివారం ఉదయం అమ్మ ఒకసారి దారి చూసుకుని వద్దామంది. ఉడుతకి సెలవు కాబట్టి తన సైకిలేసుకుని తనూ వెంట వెళ్లింది. మందుల సంచి అమ్మ క్యారియర్ మీద ఉంది.

కాలవ మీద వంతెన ఎక్కడానికి ఎత్తుగా ఉంది. సగం దూరం వచ్చాక అమ్మ దిగి, సైకిల్ తోసుకుంటూ నడిచింది. లేచి నిలబడి తొక్కితే దిగక్కర్లేదని ఉడుతకి తెలుసు. ఊరుకుంది. తనూ దిగి వెనకాలే నడిచింది. వంతెన నడుమకి చేరాక అమ్మ మళ్లీ ఎక్కింది. దిగుడులో గాలికి ఆవిడ కొంగు రెపరెపలాడింది. కింద మలుపు దగ్గర ఎడమ చెయ్యి చాపి సైగ చేసి, సందులోకి నిబ్బరంగా తిరిగింది. అంత చక్కగా సైగ చేయడం సైకిల్ క్లబ్బులో సగం మందికి రాదు.

పాటల టీచరుగారి ఇల్లు సందు చివర ఉంది. ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. అమ్మ కట్టు విప్పి, కాలు దగ్గరగా చూసి, చాలాసేపటికి తలెత్తింది. "మానిపోయింది టీచరుగారూ. ఇక కట్టక్కర్లేదు. ఇవాళ్టినుంచి మెల్లగా నడవండి."

టీచరుగారు మూలనున్న చేతికర్ర వైపు అనుమానంగా చూశారు. "ఎనిమిది నెలలైంది నర్సమ్మా. గుమ్మం దాకా వెళ్లగలనంటావా?"

"వెళ్లగలరు. నేను సామాను సర్దుకునేలోపు మా అమ్మాయి తోడుంటుంది."

టీచరుగారు కర్ర అందుకుని, మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. ముందు కర్ర వేయాలా, కాలు వేయాలా, ఎటు చూడాలి, ఎంత దూరం వేయాలి, అన్నీ ఉడుత నాలుక చివరిదాకా వచ్చాయి.

అది ఒక అడుగు ముందుకు వేసి, టీచరుగారి పక్కన నిలబడింది.

"చెయ్యి పట్టుకోనా టీచర్, ఊరికే పక్కన నడవనా?"

ఆవిడ కర్రని సరిగ్గా ఆనించుకున్నారు. "పక్కన నడువు," అన్నారు.

ఉడుత తన అడుగుని ఆవిడ అడుగంత చిన్నది చేసుకుని, గుమ్మం దాకా పక్కనే నడిచింది.