మట్టిసారం దాచిన మొక్కలు

ధవళపురి రాజ్యానికి ఒక వింత కష్టం వచ్చిపడింది. పైర్లు పచ్చగానే పెరిగేవి, గింజలు నిండుగానే పండేవి. కాని ఆ అన్నం తిన్నవాళ్ళకు బలం చేరేది కాదు. ఆటలో జారిపడిన పిల్లల కాళ్ళు పుల్లల్లా విరిగేవి. పెద్దల ముఖాలు పాలిపోయాయి. ఉత్తరాన ఎండమెట్ట అనే కొండమీద ఉండే ఘటోదరుడనే రాక్షసుడు మంత్రం వేసి, నేలలోని సారాన్నంతా పీల్చి పొట్టలో దాచుకున్నాడు. వాడి మీదికి వెళ్ళిన సైనికులు కత్తి ఎత్తబోయి, మణికట్లు విరిగి వెనక్కి వచ్చారు.

మంత్రం విడిపించినవారికి ఎండమెట్ట సీమను ఏలుకోమని ఇస్తానని రాజు విజయపాలుడు చాటింపు వేయించాడు.

ఆ నగరంలో సున్నం కాల్చే ప్రోలయ్యకు మైలమ ఒక్కతే కూతురు. ప్రోలయ్య ఒకనాడు సున్నపుగంప ఎత్తబోయి చెయ్యి విరిగి మంచాన పడ్డాడు. తండ్రికి కట్టు కట్టి, మైలమ ప్రయాణానికి సిద్ధమైంది.

"కత్తి పట్టడం కూడా తెలియదు కదమ్మా నీకు," అన్నాడు ప్రోలయ్య.

"కత్తి పట్టినవాళ్ళు వెళ్ళొచ్చారుగా నాన్నా. నిప్పు, బూడిద తెలిసినవాళ్ళు ఇంకా వెళ్ళలేదు," అంది మైలమ.

అటుకులు, చెకుముకిరాయి, దగ్గుకు పనికొస్తుందని నాలుగు కరక్కాయలు మూటగట్టుకుని బయలుదేరింది. అయిదు రోజులు అడవిలో నడిచాక, ఒక బండ మీద కూర్చున్న ముని కనిపించాడు. మైలమ నమస్కరించి వచ్చిన పని చెప్పింది.

"రాక్షసుడు మట్టిని పీల్చకముందే, మూడు మొక్కలు నీళ్ళతోపాటు ఆ సారాన్ని తమ కండలో దాచుకున్నాయి," అన్నాడు ముని. "నల్లేరు, ఇలకూర, గంగవాయిలి. దేనిలో ఏ సారం ఉందో వాడి ఎదుట చెబితే మంత్రం వీడిపోతుంది. ఒక్కటి తప్పినా నువ్వు రాయైపోతావు."

"దేనిలో ఏముంది స్వామీ?"

"అది తెలిస్తే నేనే వెళ్ళేవాణ్ణి తల్లీ," అన్నాడు ముని.

కొండ చుట్టూ ఉప్పుకయ్య, అంటే ఉప్పునీటి పాయ, ఉంది. ఒడ్డున ఇంటంత తాబేలు కదలలేక పడి ఉంది. దాని డిప్ప తడిసిన తోలులా మెత్తబడిపోయింది.

"నిన్ను దాటించాలనే ఉంది అమ్మాయీ. కాని వీపు మీద ఈగ వాలినా ఓర్చుకోలేకపోతున్నాను," అంది తాబేలు.

పక్కన రాళ్ళమీద నాలుగు పలకల కాడలతో నల్లేరు పాకి ఉంది. మైలమ ఒక కణుపు కొరికితే నాలుక చురుక్కుమంది. ఎండుకాడలను పోగుచేసి బాగా కాల్చింది. తెల్లని బూడిద మిగిలింది. నీళ్ళు చల్లగానే అది బుసబుసమని వేడెక్కింది. తండ్రి బట్టీ దగ్గర రోజూ చూసేదే.

"ఇందులో ఉన్నది సున్నం తాతా. నీ డిప్పకు కావలసిందీ, మా వాళ్ళ ఎముకలకు కావలసిందీ ఇదే."

లేత నల్లేరు ఉడికించి వారం రోజులు తినిపించింది. డిప్ప రాయిలా గట్టిపడింది. తాబేలు సంతోషంగా ఆమెను వీపున ఎక్కించుకుని కయ్య దాటించింది. అవతలి ఒడ్డున, బురదలో బొద్దు ఆకుల ఇలకూర పెరిగి ఉంది. ఒక ఆకు నోట్లో వేసుకోగానే ఉప్పని తేలిపోయింది.

ఘటోదరుడు గుహ ముందు పొట్ట పరుచుకుని కూర్చున్నాడు. మైలమ మొదటి రెండూ చెప్పేసరికి వాడి ముఖం మాడింది.

"మరి ఈ గంగవాయిలిలో ఏముంది పిల్లా?" అంటూ గుహ పక్కనున్న ఎర్రకాడల మొక్కను చూపించాడు.

మైలమ ఆకు నమిలింది. పుల్లగా ఉంది.

"పులుపే కదూ? చెప్పెయ్," అన్నాడు రాక్షసుడు ఆశగా.

వాడి తొందర చూసి మైలమకు అనుమానం వచ్చింది. పులుపు చింతకాయలోనూ ఉంటుంది, అది నేల సారం కాదు. ఆమె మొక్కను కాల్చి బూడిద చేసింది. దాని రంగు చూస్తే ఏమీ తెలియలేదు. అప్పుడు తమ దగ్గర సున్నం కొనే అద్దకంవాళ్ళు గుర్తొచ్చారు. నల్లరంగు కోసం వాళ్ళు కరక్కాయ నీళ్ళలో ఇనుప తుప్పు వేసేవారు. మైలమ కరక్కాయ నలగగొట్టి నానబెట్టి, ఆ నీళ్ళలో బూడిద కలిపింది. నీళ్ళు కాటుకలా నల్లబడ్డాయి.

"ఇనుము," అంది మైలమ.

రాక్షసుడి పొట్ట పెళ్ళున పగిలింది. తెల్లగా, ఎర్రగా సారం ధారలు కట్టి నేలలోకి ఇంకిపోయింది. వాడు మేకపిల్లంత అయి కొండ అవతలికి పారిపోయాడు.

నేల కోలుకోవడానికి ఒక పంటకాలం పడుతుంది. అంతవరకు జనం తినడానికి మైలమ మూడు మొక్కలనూ తాబేలు వీపున వేసుకుని తెచ్చింది. చింతపండు వేసి నల్లేరు పచ్చడి ఎలా చెయ్యాలో, ఉప్పు వెయ్యకుండా ఇలకూర పప్పు ఎలా వండాలో ఇంటింటికీ తిరిగి నేర్పింది. మూడో నెలలో ప్రోలయ్య బట్టీ మళ్ళీ వెలిగించాడు.

కోతలయ్యాక విజయపాలుడు మాట ప్రకారం మైలమకు ఎండమెట్ట సీమ పట్టం కట్టాడు. విందుకు వంటలేం చెయ్యాలో ఆమే చెప్పింది: నల్లేరు పచ్చడి, ఇలకూర పప్పు, గంగవాయిలి పులుసు. రాజుకు అడవి మొక్కల కూరలా అని వంటవాళ్ళు భయపడుతూనే వడ్డించారు. రాజు ఆకు తుడిచినట్టు ఖాళీ చేసి, పులుసు ఇంకొంచెం వెయ్యమన్నాడు.