ఓడ దిగనివాళ్ళ పేర్లు

నవత చార్టు మీద పంతొమ్మిదో పేరు రాసేసరికి లాంగ్ బెల్‌కి పది నిమిషాలే మిగిలాయి.

ఏడో తరగతిలో నవతది ముత్యాల్లాంటి చేతిరాత. ఆ సంగతి ఆమెకూ కాస్త ఎక్కువే తెలుసు. అందుకే సోషల్ చెప్పే సదానందం సార్ ఈ పని ఆమెకు అప్పగించారు.

పని చిన్నదేమీ కాదు. 1837లో కోరంగి రేవు నుంచి ఒక ఓడలో మారిషస్‌కి కూలికి వెళ్ళినవాళ్ళ జాబితా అది. ఓడ గుమాస్తా అంతా గొలుసుకట్టు ఇంగ్లీషులో రాశాడు. పిల్లలు ఇద్దరికో పేజీ చొప్పున పంచుకుని మూడు వారాలు భూతద్దంతో చదివారు. నవతకూ సోహెల్‌కూ వచ్చిన పేజీలో కొమురెల్లి, రాజమల్లు లాంటి తమ వైపు పేర్లు కనబడితే క్లాసంతా చప్పట్లు కొట్టింది.

మర్నాడు మారిషస్ నుంచి అనసూయమ్మ అనే పెద్దావిడ వస్తోంది. కొమురెల్లి ఆమె తాతలకు తాత. ఆమెకు చూపు సరిగా ఆనదు కాబట్టి ఆ పేజీలోని పేర్లను పెద్ద అక్షరాలతో చార్టు మీద రాయమన్నారు సార్.

జిరాక్స్ కాగితంలో ఇంకా ఏడు వరుసలున్నాయి. వాటి మీద అడ్డగీతలు, పక్కన 'సముద్రంలో మరణం' అని ఉంది. చార్టులో చోటేమో అయిపోయింది. నవత స్కెచ్ పెన్నుకు మూత పెట్టేసింది.

"ఈళ్ళను రాయవా?" అన్నాడు స్కేలు పట్టుకుని కూర్చున్న సోహెల్.

"ఓడ దిగనేలేదు కదరా. ఇగ ఈళ్ళు ఎవలకు తాతలైతరు?"

సోహెల్ స్కేలు పక్కన పెట్టేశాడు.

మర్నాడు అనసూయమ్మ చార్టు దగ్గర నిలబడి, మొదటి పేరు నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివింది. కొమురెల్లి పేరు దగ్గర కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఎల్లమ్మ లేదా?" అంది మెల్లగా. ఒక్కో తెలుగు మాటా వెతుక్కుంటూ మాట్లాడుతోంది. "కొమురెల్లి చెల్లెలు. చిన్నపిల్ల. అన్న వెంట ఓడ ఎక్కింది. పెద్దలకు పెట్టే రోజు మేము ఆమెకూ ఒక ఆకు వేస్తాం. ఆ పిల్ల ఉత్త కథ అంటారు మా పిల్లలు. నిజం తెలుసుకోవాలని ఇంత దూరం వచ్చాను."

సదానందం సార్ నవత వైపు తిరిగారు. "అన్ని పేర్లు రాసినవ్ కదమ్మా?"

క్లాసంతా ఆమెనే చూస్తోంది. అడ్డగీతల కింద ఉన్న ఆ ఏడుగురూ ఎవరో నవత సరిగ్గా చదవనే లేదు. "రాసిన సార్" అనేసింది. సోహెల్ తల దించుకున్నాడు.

"అయితే మా అవ్వ ఊరికే చెప్పిందేమో" అంటూ అనసూయమ్మ కుర్చీలో కూలబడింది. మర్నాడు పొద్దున్నే ఆమె ప్రయాణం.

సాయంత్రం నవత ఇంట్లో కంచం ముందు కూర్చుంది. అప్పుడే ఆశా వర్కర్ వచ్చి, మగ్గం పక్కన కండెలు చుడుతున్న నాయినమ్మ వివరాలు రాసుకుంటోంది.

"ఇందిరమ్మవ్వా, పిల్లలెంతమంది?"

"ఐదుగురు."

"నలుగురే కదా నాయినమ్మా!" అంది నవత.

ఇందిరమ్మ చెయ్యి ఆగింది. "నర్సయ్యను ఎటు పెట్టినవే? పదకొండు దినాలే బతికిండు. గని నా కడుపుల పుట్టిండు కదా. బతకలేదని లెక్కలకెళ్ళి తీసేస్తమా?"

నవత కంచం ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కుని జిరాక్స్ తీసి, అడ్డగీతల కింది పేర్లు ఒక్కొక్కటీ కూడబలుక్కుంది. మూడో పేరు ఎల్లమ్మ. తొమ్మిదేళ్ళు. కొమురెల్లి చెల్లెలు. కాగితం పట్టుకుని నవత వెక్కి వెక్కి ఏడ్చింది.

నాన్న దేవదాస్ వచ్చి అడిగితే దాచకుండా అంతా చెప్పింది. "బాపూ, పొద్దుగాల నన్ను ఆమె ఉన్న లాడ్జికి తీస్కపోవా?"

"పోదాం బిడ్డా. గని మాట నువ్వే చెప్పాలె."

వాళ్ళు వెళ్ళేసరికి అనసూయమ్మ సూట్‌కేసు మూసి సిద్ధంగా ఉంది. నవత జిరాక్స్ కాగితం పట్టుకుని ఆమె ఎదుట నిలబడింది.

"అమ్మమ్మా, నేను అబద్ధం చెప్పిన. ఎల్లమ్మ పేరు ఉంది. నేనే రాయలేదు."

ఆ వరుస చదివి వినిపించింది. అనసూయమ్మ ఇంకోసారి చదవమంది. మూడోసారీ చదివించుకుంది. తర్వాత కాగితం మీద ఆ గీతను వేలితో తడిమి, "తొమ్మిదేళ్ళా తల్లీ" అని భోరుమంది. నవతను ఒక్క మాట కూడా అనలేదు. దగ్గరికి తీసుకుని, "ఉంది అని చెబుతాను మావాళ్ళకు" అంది.

బడిలో ప్రేయర్‌కి ముందే నవత సార్‌కి కూడా నిజం చెప్పింది. సార్ జిరాక్స్ అందుకుని ఆ ఏడు వరుసలూ చదివారు. తర్వాత బీరువాలోంచి ఒక ఖాళీ చార్టు తీసి ఇచ్చారు.

నవత దాన్ని పాత చార్టు కింద అతికించింది. ముందుగా ఎల్లమ్మ పేరు రాసింది. అక్కడ ఆగలేదు. మిగతావాళ్ళనూ అంతే పెద్ద అక్షరాలతో రాసింది. చివరి వరుసలో రెండు నెలల పసిబిడ్డ ఉంది. ఓడ గుమాస్తా ఆమెకు పేరే రాయలేదు, తండ్రి పేరు మాత్రం రాశాడు.

"పేరు లేనిదాన్ని ఎట్ల రాస్తవు?" అన్నాడు సోహెల్.

నవత చార్టు మీదికి వంగింది. పేరు రాయాల్సిన చోట ఒక పేరు పట్టేంత జాగా వదిలింది. దాని పక్కన నెమ్మదిగా రాసింది: రాజమల్లు బిడ్డ, రెండు నెలలు.