ఎవరి చెయ్యీ పడకూడని కంప్యూటర్

శనివారం పొద్దున నల్లా ఆగిపోయేలోపు సక్కుబాయి బిందెలు నింపుకుని పొయ్యి మీద చాయ్ పెట్టింది. సీమోను డ్యూటీ ప్యాంటు వేసుకుని గడపలో కూర్చుని బూట్లకు లేసులు కట్టుకుంటున్నాడు. స్వీటీ అప్పటికే తల దువ్వుకుని, చున్నీకి పిన్ను పెట్టుకుని నిలబడి ఉంది. శనివారం నాడు ఆ పిల్ల తండ్రి కంటే ముందు తయారవడం ఆ ఇంట్లో కొత్త.

"ఏంది, ఇయ్యాల పండుగ గిట్ల ఉన్నదా?" అన్నాడు సీమోను.

"సామాను కొనుక్కునే రోజు డాడీ. నిన్ననే చెప్పిన."

"చెప్పినవ్ తీ. దుకాణంల రెడీగ చేసింది పెట్టిండ్రు కదా, అదే తెచ్చుకోరాదు? గ్యారంటీ ఇస్తరు. బటన్ నొక్కితే అయిపాయె."

"అన్నం హోటల్ల కూడా దొరుకుతది. మరి మమ్మీ ఎందుకు వండుతున్నది?"

"నడిమిట్ల నన్నెందుకు పెడ్తవే," అంటూ సక్కుబాయి చాయ్ గ్లాసు భర్త చేతికిచ్చింది.

సంతోష్‌నగర్‌లో వాళ్లది మేడ మీద రెండు గదుల ఇల్లు. సీమోను ఆర్టీసీ డిపోలో మెకానిక్. సక్కుబాయి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. స్వీటీ ఒక్కతే కూతురు, డిగ్రీ అయిపోయింది. ఏడాదిగా ఆ పిల్ల ధ్యాసంతా ఒక కంప్యూటర్ మీద ఉంది. ఆటలాడే కంప్యూటర్. ఇప్పటిదాకా ఫోన్లోనే ఆడేది. ఆట ఊపందుకునేసరికి ఫోన్ వేడెక్కి బొమ్మ ఆగిపోయేది. అది మళ్లీ కదిలేసరికి అవతలివాళ్లు ఈమెను కాల్చేసి ముందుకు పోయేవాళ్లు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నదానికి తల్లి మరికొంత కలిపింది. డబ్బు దగ్గర ఇంట్లో పేచీ రాలేదు. పేచీ ఇంకోచోట వచ్చింది.

మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ దుకాణం పెట్టుకున్న ఇషాక్, సీమోనుకు పాత దోస్తు. స్వీటీ ఏడాదిగా ఆ దుకాణానికి పోయి ఏ భాగం ఏం చేస్తుందో, దేనికి ఏది సరిపోతుందో అడిగి అడిగి ఆయన్ని విసిగించింది. చివరికి ఆయనే ఒక మాట అన్నాడు. నీ కంప్యూటర్ నువ్వే బిగించుకో, అది నడిస్తే వచ్చి నా దగ్గర పని చెయ్యి, నాకు మనిషి కావాలి అని. అటు సీమోను కూడా ఊరుకోలేదు. డిపోలో తనతో పనిచేసే రామలింగాన్ని పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో కూతురికి ఉద్యోగం మాట్లాడాడు. సోమవారం చేరాలి.

"సోమవారం సంగతి యాదికున్నదా?" అన్నాడు సీమోను చాయ్ ఊదుకుంటూ.

"ఉన్నది. రేపు కంప్యూటర్ నడిస్తే ఇషాక్ అంకుల్ దుకాణానికి పోత. నడవకుంటే హాస్పిటల్‌కి పోత. నువ్వే అన్నవ్."

"ఇంకోటి కూడా అన్న. దాని మీద నీ ఒక్కదాని చెయ్యే పడాలె. ఇషాక్ భాయ్ వచ్చి ఒక స్క్రూ తిప్పినా లెక్కకు రాదు. మీ మమ్మీ తిప్పినా అంతే."

"నేనేం తిప్పుతనయ్యా, అదేందో నాకు తెల్వనే తెల్వదు. అయినా నువ్వు ఇన్నేండ్లు స్పానర్ పట్టలేదా? పిల్ల స్క్రూడ్రైవర్ పడ్తే నామోషీనా?"

"నామోషీ కాదే." సీమోను గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ చాపాడు. గోళ్ల కింద గ్రీజు ఏ సబ్బుకూ పోలేదు. "ఇంట్ల ఇవి సాలవా? దాన్ని ఏసీల కూసోనియ్యి."

తల్లీకూతుళ్లు వెళ్లేసరికి ఇషాక్ షట్టర్ అప్పుడే ఎత్తాడు.

"ఆవో బేటా. భాభీని కూడా తోల్కొచ్చినవా?"

"బాక్సు నా కటింగ్ టేబుల్ కింద పట్టాలె భాయ్. కొలుసుకుంటందుకు వచ్చిన." సక్కుబాయి సంచిలోంచి టేపు తీసి మెడలో వేసుకుంది.

స్వీటీకి అన్ని పేర్లూ నోటికి వచ్చు. రాత్రుళ్లు పడుకుని మనసులో ఎన్నిసార్లు బిగించిందో, ఎన్నిసార్లు విప్పిందో. అయినా ఇషాక్ కౌంటర్ మీద ఒక్కొక్క పెట్టె పెడుతుంటే ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని చూసింది. ఇంతకాలం ఫోన్లో బొమ్మలుగా చూసినవాటికి బరువుంది. మూలలు చేతికి గుచ్చుకుంటున్నాయి.

"ప్రాసెసర్ పెద్దది ఇయ్యమంటవా?" అన్నాడు ఇషాక్.

"వద్దంకుల్. నడిమిది చాలు. మిగిలింది కార్డు మీద పెడ్త."

"గట్లెందుకు?"

"లెక్కలు చేసేది ప్రాసెసర్. బొమ్మ గీసేది కార్డు. నాకు ఆగిపోయేది బొమ్మనే కదా."

ఇషాక్ సక్కుబాయి వైపు చూశాడు. "ఇన్నవా భాభీ? నేనే నేర్పిన. ఇప్పుడు నాకే చెప్తున్నది."

అసలు చిక్కు ఈ భాగాలన్నీ బిగించే డబ్బా దగ్గర వచ్చింది. ఒకదానికి ముందంతా అద్దం, లోపల రంగుల లైట్లు. స్వీటీ ఏడాదిగా కలగన్నది దాన్నే. ఇంకోదానికి ముందు జాలీ ఉంది, లైట్లు లేవు. స్వీటీ అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. వాళ్ల గది స్లాబు కింద ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను వేస్తే సెగ కిందికి దిగుతుంది.

"పెండ్లి చీరకు కూడా ఇంతసేపు చూడదేమో ఇది," అంది సక్కుబాయి.

"పెండ్లి చీర ఒక్కరోజు కడ్తరు భాభీ. చూడనియ్యి."

"జాలీదే ఇయ్యండి అంకుల్," అంది స్వీటీ. "లైట్లు నాకు కావాలె. గాలి కార్డుకు కావాలె."

ఇక కార్డు. రెండు ఫ్యాన్లది ఒకటి, మూడు ఫ్యాన్లది ఒకటి. స్వీటీ చెయ్యి మూడు ఫ్యాన్లదాని మీదికి పోయింది. సక్కుబాయి టేపు విప్పి కార్డు పొడవు పట్టింది. తర్వాత డబ్బా లోపల పట్టింది.

"లూజు ఎంత ఇడ్వాలె భాయ్?"

"రెండు వేళ్లంత ఇడ్వుండ్రి. గాలాడాలె."

"పట్టదు బిడ్డా. బిగుతు జాకెట్ లెక్క అయితది. కూసుంటే కుట్టు ఊడ్తది."

ఇషాక్ అదే రకంలో పెద్ద డబ్బా దింపాడు. అందులో కార్డు పట్టింది. కానీ ఆ డబ్బా కటింగ్ టేబుల్ కింద పట్టదు. స్వీటీ తిరిగి తల్లి మొహం చూసింది. సక్కుబాయి టేపు చుట్టుకుంది.

"టేబుల్ కాళ్ల కింద ఇటుకలు పెడ్త. నిలబడి కత్తిరించేదాన్నే కదా, ఎత్తుంటే నా నడుముకే మంచిది. పెద్దదే తీస్కో."

ఆటోలో కాళ్ల దగ్గర డబ్బా, పక్కన ఇషాక్ దగ్గర అరువు తెచ్చుకున్న మానిటర్. కార్డు పెట్టెను స్వీటీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా కిందికి చూసింది. ఆ సాయంత్రం పెట్టెలన్నీ విప్పి, ఒక్కొక్కటి తల్లికి చూపించి, పేరు చెప్పి, మళ్లీ పెట్టెలో పెట్టింది. రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి భోజనాలయ్యాక స్వీటీ టేబుల్ మీద దుప్పటి పరిచింది. టేబుల్ అప్పటికే ఇటుకల మీదికి ఎక్కింది. సీమోను మంచం మీద కూర్చుని పేపర్ తెరిచాడు. చూపు పేపర్ మీద లేదు. స్వీటీ కిటికీ ఇనుప కడ్డీని ఒకసారి పట్టుకుని వదిలింది. ఒంట్లో చిన్న కరెంటేదైనా ఉంటే అలా పోతుందని ఇషాక్ చెప్పాడు. తర్వాత మదర్‌బోర్డు మధ్యలో ఉన్న గడి మూత ఎత్తి, ప్రాసెసర్ పెట్టె తెరిచింది.

ప్రాసెసర్ వేళ్ల మధ్య జారింది. తిప్పి చూసింది. అడుగున వరసలుగా ఉండే బంగారు చుక్కల మీద జిడ్డు. మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆలివ్ నూనె.

"మమ్మీ."

సక్కుబాయి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దీనికేం పెట్టినవ్?"

"ప్రార్థన నూనె బిడ్డా. పొద్దున నువ్వు తానానికి పోయినప్పుడు చిన్న శిలువ గీసిన. మన ఇంటికి ఏ కొత్తది వచ్చినా పెడ్తం కదా. కుట్టుమిషన్‌కు పెట్టిన, ఫ్రిజ్‌కు పెట్టిన. ఇది అన్నిటికంటే పెద్దదంటివి."

"గీ చుక్కల దిక్కా?"

"బంగారం లెక్క ఉంటే గదే ముఖం అనుకున్న."

"కరెంట్ పోయేది ఆడికెళ్లే మమ్మీ. ప్రతి చుక్క తగలాలె. నూనె పోసి పెట్టినవ్." స్వీటీ గొంతు పెరిగింది. "ఏడాది నుంచి చూస్తున్న దీని కోసం. తెల్వని దాంట్ల చెయ్యెందుకు పెట్టినవ్? అడగొచ్చు కదా?"

"నీకు మంచి కావాలనే కదే..."

"నీ మంచితోనే పోయింది. ఇగ నా వస్తువులకు నీ ప్రార్థన వద్దు."

సక్కుబాయి కొంగుతో చేతులు మళ్లీ తుడుచుకుంది, తడి లేకపోయినా. "ముట్టను బిడ్డా. ఇగ నీది ఏదీ ముట్టను," అని వంటింట్లోకి పోయింది.

సీమోను పేపర్ మడిచాడు. "గెట్లంటరా అమ్మను?" అన్నాడు. రేపటి సంగతి ఎత్తలేదు.

స్వీటీ మెట్ల మీదికి పోయి ఇషాక్‌కు ఫోన్ చేసింది. ఏడుపు ఆపుకుంటూ సంగతి చెప్పింది. ఇషాక్ విని నవ్వాడు.

"నూనేనా? నేనింకా నీళ్లనుకున్న. నూనెకు భయపడకు బేటా. గడిలో ఇంకా పెట్టలేదు కదా?"

"లేదంకుల్."

"అయితే ఏం కాలే. మొబైల్ రిపేరోళ్ల దగ్గర స్పిరిట్ దొరుకుతది, తెచ్చి మెత్తటి బట్టతో మెల్లగ తుడువు. ఆరినాక పెట్టు. నడుస్తది." కొంచెం ఆగి అడిగాడు. "భాభీని ఏమన్నా అన్నవా?"

"స్పిరిట్ తెచ్చుకుంట అంకుల్," అని స్వీటీ ఫోన్ పెట్టేసింది.

గల్లీ చివర మొబైల్ దుకాణంలో చిన్న సీసా కొనుక్కుని పరుగున మెట్లెక్కింది. పోలేదు, నడుస్తుంది అన్న సంతోషంలో తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. వంటింట్లో సక్కుబాయి స్టూలు ఎక్కి నిలబడి ఉంది. కిటికీలో బైబిలు పక్కన ఉండే నూనె సీసా ఆమె చేతిలో ఉంది. దాన్ని పాత గుడ్డలో చుట్టి, అటక మీద వాడని గిన్నెల వెనక్కు తోస్తోంది. స్వీటీకి బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ సీసా కిటికీలోనే ఉంది. జ్వరం వచ్చినా, పరీక్షలు వచ్చినా తల్లి వేలు దాంట్లో తడిసి తన నుదుటి మీదికి వచ్చేది. దాన్ని ఎవరి కంటా పడకుండా దాచే రోజు ఇలా వచ్చింది.

"మమ్మీ, కిందికి దిగు."

"వస్తున్న పో. పోయిందా అది?"

"పోలే. తుడిస్తే మంచిగైతదంట. దా, నువ్వే తుడువు."

"వద్దు బిడ్డా. నేను ముట్టను. పాడైతది."

"సన్నపని నీకే వస్తది మమ్మీ. నీ చెయ్యి వణకదు. నేను పట్టుకుంట, నువ్వు తుడువు."

సక్కుబాయి స్టూలు మీది నుంచే అవతలి గదిలోకి చూసి గొంతు తగ్గించింది. "మీ డాడీ చూస్తుండు. ఎవ్వరి చెయ్యి పడొద్దన్నడు. పిచ్చిదానివా? గింత దూరం వచ్చి నా కోసం ఎందుకు చెడగొట్టుకుంటవ్?"

స్వీటీ తల్లి చెయ్యి పట్టుకుని దింపి టేబుల్ దగ్గరికి తీసుకొచ్చింది. సీమోను మంచం మీది నుంచి లేచాడు.

"స్వీటీ. ఏమనుకున్నం మనం?"

"యాదికున్నది డాడీ. రేపు హాస్పిటల్‌కే పోత. నేనే ఓడిపోయిన. ఇప్పుడైతే మమ్మీ తుడుస్తది."

స్వీటీ ప్రాసెసర్‌ను అంచుల దగ్గర పట్టుకుంది. సక్కుబాయి తెల్ల గుడ్డ మీద స్పిరిట్ చుక్క వేసి, ఒక్కొక్క వరస తుడిచింది. మధ్యలో కళ్లు నిండితే మొహం పక్కకు తిప్పి భుజానికి రాసుకుంది, చుక్క దాని మీద పడకుండా. రెండు గుడ్డలు మారాయి. జిడ్డు పోయింది.

"సరిపోయిందా?" అంది.

"సరిపోయింది. నోరు జారి అన్న మాట మమ్మీ. అది మనసుల పెట్టుకోకు."

"నువ్వన్నవ్, నేనిన్న. అయిపోయింది. పని చూడు."

ప్రాసెసర్ గడిలో కూర్చుంది. మీట కిందికి వంగింది. దాని మీద వేడిని లాగే పేస్టు, దాని మీద ఫ్యాను. మెమరీ పట్టీలు టక్కుమని లోపలికి పోయాయి. డబ్బా లోపల మూలకు స్క్రూ బిగించేటప్పుడు చీకటిగా ఉంటే ఎక్కడి నుంచో వెలుతురు వచ్చింది. సీమోను సెల్‌ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోమనలేదు.

"కుడికి," అన్నాడు. "తల అరుగుతది, మెల్లగ."

"తెలుసు డాడీ."

"తెలుసు తీ. అలవాటుల అన్న."

కార్డు చివర్న పెట్టింది. రెండు వేళ్ల సందు మిగిలింది. వైర్లన్నీ తగిలించి, ఒకసారి చూసి, ఇంకోసారి చూసి, బటన్ మీద వేలు పెట్టి తల్లినీ తండ్రినీ చూసి నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ నల్లగానే ఉంది. మొదటిసారి కొంత సేపు పడుతుందని ఇషాక్ ముందే చెప్పాడు. తెలిసినా వంగి వైర్లన్నీ మళ్లీ చూసింది. సక్కుబాయి పెదవులు కదులుతున్నాయి. స్వీటీ చూసింది, ఈసారి వద్దనలేదు. స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. ఏ భాగానికి ఆ భాగం పేరు, వరసగా, అన్నీ.

"వచ్చింది," అంది స్వీటీ. "మమ్మీ, వచ్చింది. డాడీ, చూడు, కార్డు పేరు కూడా వచ్చింది."

సక్కుబాయి కూతురి భుజం పట్టుకుని ఊపేసింది. సీమోను వంగి ఆ అక్షరాలను పై నుంచి కింది దాకా చదివాడు, అర్థం కాకపోయినా. తర్వాత చేతిలో ఉన్న ఫోన్ లైటు ఆపి, ఎవరికో కలిపాడు.

"ఇషాక్ భాయ్, నేను సీమోనును. రేపు దుకాణం ఎన్నింటికి తెరుస్తవ్? మా స్వీటీ వస్తది... నడిచింది, నడిచింది... లే, షరతు గెలువలే. ఓడిపోయింది. మా ఇంటామె చెయ్యి పడ్డది, నా చెయ్యి కూడా పడ్డది... అరే, ఓడిపోయిందంటే ఇనవేంది? నా ముందటనే, చూస్తుండంగ, వాళ్లమ్మ కోసం కావాలని ఓడిపోయింది భాయ్. గందుకే తోలిస్తున్న. రామలింగానికి నేను చెప్పుకుంట."

అవతల ఇషాక్‌కు ఏమర్థమైందో తెలియదు. స్వీటీ కీబోర్డు వైరు కోసమన్నట్టు టేబుల్ కిందికి వంగింది. ఎంతసేపటికీ లేవలేదు.

"దొరికిందా బిడ్డా?" అంది సక్కుబాయి.

"జర ఆగు మమ్మీ," అన్న మాట కింది నుంచి వచ్చింది.