అమ్మ చెప్పిన కోరిమో

గురువారం పొద్దున్న ఉప్మాకి తిరగమోత వేస్తూ, వంటింటి కిటికీ చట్రం మీది గోధుమరంగు టేపు మరకని రాజ్యం గోటితో గీకింది. గల్ఫ్ యుద్ధం అయిపోయి నాలుగేళ్ళు. విషవాయువు రాకుండా అప్పుడు అంటించిన టేపు ఇంకా సౌదీలోని ఈ అల్ ఖోబర్ ఊరు వదిలి పోలేదు. తనూ పోలేదు కదా, అనుకుంది అలసటగా.

ఇవాళ సముద్రపు ఒడ్డున కోర్నిష్ రోడ్డు దగ్గర కొత్త వినోదశాలకి వెళ్ళాలి. జపాను కార్టూన్లోని కోరిమో, ఆ గుండ్రటి తెల్ల సీలు జంతువు పిల్ల, నిలువెత్తు వేషంలో వచ్చి ఆడిపాడుతుందట. భర్త సుబ్బరామయ్య జుబైల్ ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పనుల మధ్య నానా తిప్పలూ పడి సెలవు సంపాదించాడు.

"నేను రాను," అంది పదేళ్ళ నమ్రత, ఉప్మాని కంచం అంచుకి గోడలా పేరుస్తూ.

పెద్దదయింది, బొమ్మలంటే మొహం మొత్తిందేమో అన్నాడు తండ్రి. రాజ్యానికి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. యుద్ధం జరిగిన ఆ జనవరిలో సైరన్ మోగినప్పుడల్లా ఆయన డ్యూటీలోనే ఉండేవాడు. గ్యాస్ మాస్కు చూస్తే కెవ్వుమనే ఆరేళ్ళ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, టీవీలో చూసిన కోరిమో కథలు చెప్పింది తనే. సొరచేపల్ని తరిమిన కోరిమో, తుఫానుకి ఎదురెళ్ళిన కోరిమో. కార్టూన్ అరబీలో వచ్చేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బొమ్మ చూసి, కోరిమో పరిగెడితే ఎవర్నో తరుముతున్నాడనుకుని, కథ అల్లుకునేది. బీఏ చదువు మొత్తమ్మీద అలా ఒక్కసారి అక్కరకొచ్చింది. ఆ యుద్ధంలో తను సరిగ్గా చేసిన పని అదొక్కటే అని ఆమె నమ్మకం.

"ఆ రోజుల్లో కోరిమో లేకపోతే మనం ఏమైపోయేవాళ్ళం? నా కథలు కూడా చేదయ్యాయా నీకు?" అంది రాజ్యం.

నమ్రత తల్లి మొహం చూసి, చెప్పులేసుకుంది.

వినోదశాల కుటుంబాలతో కిటకిటలాడుతోంది. వేదిక మీద ఉరుము చప్పుడు కాగానే కోరిమో గజగజ వణికి, తల్లి సీలు వెనక దాక్కుని బావురుమంది. పిల్లలందరూ పగలబడి నవ్వారు. ఫ్యాక్టరీలో నేర్చుకున్న అరబీ ఉందన్న ధీమాతో సుబ్బరామయ్య అనువాదం మొదలెట్టాడు.

"వీడు ఉత్త పిరికివాడట రాజ్యం. చీకటన్నా భయమే, చప్పుడన్నా భయమే. అసలు వీడి పేరే పిరికి కోరిమో అట."

"నాన్నా, చాలు," అంది నమ్రత తల దించుకుని.

రాజ్యం కూతురి వంక చూసింది. పొద్దుటి పేచీ ఎందుకో అప్పుడు తెలిసింది.

"నీకు ముందే తెలుసా?"

"అప్పుడే తెలుసమ్మా. కింద ఫ్లాట్ ఈజిప్టు పిల్లలతో ఆడేదాన్ని కదా, అరబీ వచ్చేసింది."

"మరి చెప్పలేదేం?"

నమ్రత తల్లి వేసుకున్న నల్ల అబాయా అంచు వేలికి చుట్టుకుంటూ గొణిగింది. "కథ ఆగితే నీ చేతులు వణికేవి. నా మాస్కు పట్టీ బిగించలేకపోయేదానివి. అందుకే ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు అనేదాన్ని."

పిల్లకి ధైర్యం చెబుతున్నాననుకున్న ఆ మూసిన గదిలో, తడి తువ్వాలు కుక్కిన తలుపు వెనక, ఎవరు ఎవర్ని ఒళ్ళో పెట్టుకున్నారో రాజ్యానికి ఇప్పుడు కనిపించింది. కళ్ళు తుడుచుకుంటూంటే మసగ్గా కనబడ్డ కోరిమో ఇంకా వణుకుతూనే ఉంది. నాలాంటివాడివేరా నువ్వూ, అనుకుంది.

పక్కన రంగులరాట్నం హారన్ ఒక్కసారి కూత పెట్టింది. రాజ్యం ఉలిక్కిపడింది. చిన్న చెయ్యి వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, మన కోరిమో కథ చెప్పు. సొరచేపది."

సుబ్బరామయ్య ఎవరూ వినని అనువాదం సాగిస్తూనే ఉన్నాడు. రాజ్యం గొంతు సవరించుకుని, కూతురి చెవి దగ్గరకి వంగింది.